మౌనము అర్ధాంగీకారమా?

సూరతు నగరమునకు దక్షిణముగా, ముంబయి పోవు రైలు మార్గముపై, సచిన్ అను స్టేషను కలదు. పూర్వము ఇది సిద్దీ నవాబుల యేలుబడిలో నుండిన చిన్న సంస్థానము. నేడు అచ్చటి పారిశ్రామికవాడలో మరమగ్గములు, అద్దకపు మిల్లులు, రసాయన కర్మాగారములు వేలకొలది కార్మికులకు పని కల్పించుచున్నవి. 2020లో ఈ ఊరు సూరతు నగరపాలికలో కలిసినది. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చి సూరతులో స్థిరపడిన నేత కుటుంబములు అనేకము కలవు. వారి పిల్లలకై నగరపాలిక తెలుగు మాధ్యమ పాఠశాలలను గూడ నడుపుచున్నది. ఈ చిన్న పుస్తకమును ముఖ్యముగా అట్టివారిని దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. విషయము మాత్రము అందరిదియే.

మగ్గముల షెడ్డు వెలుపల నుండు టీ బండివాని నొక చాయ్ అడుగుడు. అతడు "చక్కెర వేయవలెనా?" అని అడుగడు. చక్కెర అదివరకే టీతో కలిసి మరిగియున్నది. వలదనువాడు ప్రత్యేకముగా చెప్పవలెను. వేరుగా కాచి యిచ్చువరకు నిలువవలెను. తోటివారి హాస్యమునకు గూడ కొంత ఓర్చుకొనవలెను. చక్కెర త్రాగుమని యెవరును నిర్బంధింపలేదు. అయినను దినమునకు ఐదు టీలు త్రాగువాడు తానెన్నడును కోరని చక్కెరను ఐదు పర్యాయములు సేవించుచున్నాడు. టీకి రెండు చిన్న చెంచాలనుకొన్నచో ఐదింటికి నలుబది, ఏబది గ్రాములగును. పెద్దవారు దినమున కలుపుకొను చక్కెర మొత్తము ఏబది గ్రాములకు మించరాదనియు, అందులో సగమునకు తగ్గిన మరియు మంచిదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మిఠాయి ముట్టకుండగనే మన కార్మికుడు ఆ హద్దును చేరుకొన్నాడు.

ఏమియు చెప్పనివానికి వర్తించునట్లు ముందుగనే చేసియుంచిన ఇట్టి యేర్పాటును ఆంగ్లమున ‘డిఫాల్ట్’ అందురు. అప్పు తీర్చనివానిని డిఫాల్టరనుటలో నున్నదియు ఈ మాటయే. చేయవలసినదానిని చేయకుండుట దాని మూలార్థము. సెల్‌ఫోను వలన ఈ పదము పల్లెలవరకు ప్రాకినది గాని, సామాన్యుల వాడుకలో దీనికొక తెలుగు మాట స్థిరపడలేదు. ‘పూర్వనిర్ణీత వికల్పము’ వంటి సమాసము కాగితముపై నిలుచును గాని నోటికెక్కదు. కావున దీనిని ‘మామూలు ఏర్పాటు’ అని వ్యవహరింతుము. కచేరీలలో ‘మామూలు’ అను మాటకు మరియొక యర్థము కలదని పాఠకులెరుగుదురు. ఇచ్చట దానితో పనిలేదు.

మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలనిరి. పెండ్లిచూపులలో "వరుడు నచ్చెనా?" అని యడిగినప్పుడు పిల్ల తలవంచుకొని యూరకుండును. "ఇష్టమే" అని చుట్టునున్నవారు తేల్చుదురు. ఆ మాట పిల్ల చెప్పినది కాదు. ఆమె మౌనమునకు అర్థమేమియో ఆమె నోరు తెరువకమునుపే పెద్దలు నిర్ణయించియుండిరి. మామూలు ఏర్పాటుయొక్క బలమంతయు ఇందే యున్నది. మాటలాడనివాని మౌనమునకు ఎవరో ఒకరు ముందుగనే అర్థము వ్రాసి పెట్టుదురు.

ఇది మనుష్యులపై ఇంతగా ఏల పనిచేయును? సోమరితనమొకటే కారణమనుట తొందరపాటు. మార్చుటకు శ్రమ యుండుట నిజమే. దానికి తోడు, ముందుగా నుంచినదే మంచిదై యుండునను భావము మనలో నుండును. తెలిసినవారు ఆలోచించియే ఇట్లుంచిరి గదా యని సమాధానపడుదుము. ఉన్నదానిని వదలుకొనుట నష్టముగాను, లేనిదానిని పొందకుండుట నష్టము కానట్లుగాను తోచుట మనుష్య స్వభావము. వీటన్నిటికంటె వలస కార్మికుని విషయమున బలమైన కారణము వేరొకటి కలదు. అతని చేతికిచ్చు పత్రము గుజరాతీలోనో హిందీలోనో ఆంగ్లములోనో యుండును. పనివేళ మించిపోవుచుండును. వెనుక నలుగురు వరుసలో నిలిచియుందురు. గుమాస్తా వ్రేలుపెట్టి చూపినచోట సంతకము చేసి బయటపడును. చదువుకొన్నవానికి మామూలు ఏర్పాటు ఒక సలహా వంటిది. చదువలేని భాషలో పత్రము నందుకొన్నవానికి అది ఆజ్ఞతో సమానము. కావున, ఏర్పాటును ఎవరు చేసిరి, ఎవరి మేలునకై చేసిరి, వలదనుట యెంత సులభము అను మూడు ప్రశ్నలు ఇతరులకంటె ఇతనికి ఎక్కువ అవసరము.

కాంగ్రా లోయలో ఉప్పు

మామూలు ఏర్పాటు మేలు చేసిన చరిత్రను ముందు చెప్పుట న్యాయము. ఇందు ప్రధాన పురుషుడు తెలుగువాడు. 1921లో శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు ఉలిమిరి రామలింగస్వామి హిమాలయ పాదములందలి ప్రజలను పీడించుచుండిన గొంతువాపు వ్యాధిపై పరిశోధన చేసెను. అయొడిన్ అను మూలపదార్థము ఆహారమున చాలనప్పుడు కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి ఉబ్బును. అదియొక్కటే యైన సహింపవచ్చును. గర్భిణికి అయొడిన్ చాలనిచో పుట్టు బిడ్డకు బుద్ధిమాంద్యము, చెవుడు, మూగతనము గూడ కలుగవచ్చును. పర్వత ప్రాంతములలో వానలు, వరదలు నేలయందలి అయొడిన్‌ను కడిగివేయును గనుక అచ్చటి పంటలలోను అది యుండదు. పెద్దవానికి దినమునకు కావలసినది 150 మైక్రోగ్రాములు మాత్రమే, అనగా సూదిమొనపై నిలుచునంత. ఆ యంత లేక తరతరములు చెడిపోయినవి.

1956లో, నేడు హిమాచల్ ప్రదేశ్‌లో నున్న కాంగ్రా లోయలో రామలింగస్వామియు ఆయన సహచరులును ఒక ప్రయోగము నారంభించిరి. లోయను మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి సాధారణమైన ఉప్పును సరఫరా చేసిరి. ప్రజలను ఔషధము మ్రింగుమని కోరలేదు. తిండి మార్చుకొనుమని ఉపన్యాసము లీయలేదు. వారెప్పటివలెనే ఉప్పు కొనిరి, ఎప్పటివలెనే పప్పులో వేసుకొనిరి. కొన్ని సంవత్సరములలో మొదటి రెండు మండలములలో గొంతువాపు బాగుగా తగ్గెను. మూడవదానిలో తగ్గలేదు. పిదప ఆ మండలమునకును అయొడిన్ ఉప్పునే యిచ్చిరి. 1962లో కేంద్ర ప్రభుత్వము జాతీయ గొంతువాపు నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. 1992లో దానికి అయొడిన్ లోప వ్యాధుల నివారణ కార్యక్రమమని పేరు మార్చిరి.

అటుపిమ్మట జరిగినది మన విషయమునకు మరియు దగ్గర. ఉప్పును కొనువాని యిష్టమునకు వదలవలెనా, అంగడిలో అయొడిన్ ఉప్పునే మామూలు ఏర్పాటుగా నుంచవలెనా అను వాదము దేశమున చాల కాలము సాగెను. అయొడిన్ లేని ఉప్పును తినుటకై అమ్మరాదని 1998లో కేంద్రము ఉత్తరువు చేసెను. ఇట్టివి ప్రజల యెంపికకు వదలవలెనను తలంపుతో 2000లో దానిని తొలగించిరి. 2006 మే 17 నుండి మరల అమలుపరచిరి. ఎంపిక యనుమాట వినుటకు గౌరవముగా నుండును. కాని అయొడిన్ ఉప్పు ఒకటి రెండు రూపాయలు అధికమైనప్పుడు, దాని గుణము తెలిసినవాడే అడిగి తీసికొనును. తెలియని పేదరాలు చవుకయైన గళ్ళ ఉప్పును తీసికొనును. ఫలము ఆమె కడుపులోని బిడ్డ అనుభవించును. అచ్చముగా చెప్పవలెనన్న, 2006 నాటి ఉత్తరువు మామూలు ఏర్పాటును దాటి నిషేధముగానే మారినది. బిడ్డ మెదడును కాపాడుటకు అది తగునని మా అభిప్రాయము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 94 ఇండ్లలో అయొడిన్ గల ఉప్పు కనబడినది. దేశమునకు కావలసిన ఉప్పులో అధికభాగము గుజరాతు తీరమునందే పండుచున్నది. సచిన్‌లో నివసించు తెలుగు గృహిణి కొను పొట్లముపై అయొడిన్ కలదను మాటయు, నవ్వుచున్న సూర్యుని గుర్తును చూడవచ్చును.

ఉప్పు మితిమీరినచో రక్తపుపోటు కలుగునను సంగతి వేరు. అయొడిన్ ఉప్పైనను దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఇందును మామూలు ఏర్పాటు పనిచేయును. అర్జెంటీనా దేశములోని బ్యూనస్ ఐరిస్ రాష్ట్రమున 2011లో భోజనశాలల బల్లలపై ఉప్పు సీసాలను తొలగించి, అడిగినవారికే యిచ్చు ఏర్పాటు చేసిరి. మన మెస్సు నడుపువారు ఇంతకంటె తేలికగా చేయగలరు. ఉప్పుగిన్నెను, అప్పడముల డబ్బాను వడ్డనబల్లపైనుండి లోపలికి మార్చి, నీళ్ళ కుండను ముందుకు జరిపినచాలును. టీలో చక్కెరను కలిపి కాచుటకు బదులు వేరుగా నుంచవచ్చును. కోరినవాని చక్కెరను ఎవరును లాగుకొనుట లేదు. కోరనివాని గ్లాసులో పోయకుందురు. అంతియే.

అడుగకయే చేర్చు సొమ్ము

ఇదే ఉపాయము లాభార్జనపరుల చేతిలో మరియొక రూపము ధరించును. భోజనశాలలో బిల్లు క్రింద సేవా రుసుమని నూటికి పది వేసి యుంచుదురు. తొలగింపుమని యడుగుటకు నలుగురిలో సిగ్గుపడి చెల్లించి వత్తురు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము 2022 జూలై 4న, ఇట్టి రుసుమును బిల్లులో తమంత తాముగా చేర్చరాదని మార్గదర్శక సూత్రములు వెలువరించెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించెను. ఫోనులో సరకు కొనునప్పుడు ముందుగనే గుర్తు పెట్టియుంచిన గడుల ద్వారా సమ్మతిని గ్రహింపరాదని 2020 నాటి వాణిజ్య నియమములు చెప్పుచున్నవి. కొనువాని బుట్టలో అతడడుగని బీమానో విరాళమునో చేర్చుటను 2023 నవంబరు 30 నాటి సూత్రములు మోసపు పద్ధతులలో ఒకటిగా నిషేధించినవి. ఇట్టివానిపై ఫిర్యాదు చేయుటకు 1915 అను ఫోను నంబరు కలదు.

ఇందులకు భిన్నముగా, తెలిసి యొప్పుకొన్న పిదప తనంతట సాగు ఏర్పాటులు కొన్ని మేలైనవి. ప్రధానమంత్రి సురక్షా బీమా పథకమున ఒక్కసారి వ్రాసి యిచ్చినచో ఏటేట జూన్ 1కి ముందు బ్యాంకు ఖాతానుండి 20 రూపాయలు తీసికొందురు. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు రెండు లక్షల రూపాయలు వచ్చును. యంత్రముల మధ్య పనిచేయువానికి ఇది చిన్న సంగతి కాదు. చిక్కు వేరొకచోట నున్నది. మౌనముగా సాగు ఏర్పాటు మౌనముగానే ఆగిపోవును. ఖాతాలో ఆ దినమున ఇరువది రూపాయలు లేకున్న రక్షణ నిలిచిపోవును. సాగుచున్నను, ఊరిలోనున్న భార్యకు ఆ సంగతియే తెలియనిచో అడుగువారెవరు?

అవయవదానము

ఇక మిక్కిలి గంభీరమైన విషయమునకు వత్తుము. మరణించిన పిదప మన మూత్రపిండములు, కాలేయము, హృదయము ఇతరులకు పనికివచ్చును. ఒక్క దాత వలన ఎనిమిదిమంది వరకు బ్రతుకవచ్చును. మరణించినవాడు ఏమియు చెప్పకయే పోయినచో, ఆ మౌనమునకు అర్థమేమి?

దేశములు దీనికి రెండు విధములుగా సమాధానము చెప్పినవి. ఇత్తునని వ్రాసినవాడే దాత యని జర్మనీ. ఈయనని వ్రాయనివాడెల్ల దాతయేయని ఆస్ట్రియా. 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టైన్ అను పరిశోధకులు ఈ రెండు దేశములను పోల్చి చూపిరి. అప్పటి లెక్కలో సమ్మతించినవారు జర్మనీలో నూటికి 12 మంది. ఆస్ట్రియాలో దాదాపు నూటికి నూరుగురు. ఇరుగుపొరుగున నుండి ఒకే భాష మాటలాడు ఈ జనుల దయాగుణమున ఇంత భేదముండునని నమ్మజాలము. భేదము పత్రములోనిది. ఆ పరిశోధకులే మరియొక పరీక్ష చేసిరి. ‘దాత కానివాడవు, కావలెనన్న మార్చుకొనుము’ అన్నప్పుడు నూటికి 42 మంది దాతలైరి. ‘దాతవు, వలదన్న మార్చుకొనుము’ అన్నప్పుడు 82 మంది నిలిచిరి. ఏ ఏర్పాటును లేక ‘ఏదో ఒకటి నీవే చెప్పుము’ అన్నప్పుడు 79 మంది ఒప్పుకొనిరి. ఈ చివరి సంఖ్యయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. అడిగినచో జనులు చాలవరకు ఔననియే యందురు. అడుగువారే లేరు.

మౌనమును ఔనుగా గ్రహింపవచ్చునా? వేల్సు 2015లోను, ఇంగ్లండు 2020లోను అట్టి చట్టములు తెచ్చినవి. స్పెయిన్‌లో 1979 నుండియే అట్టి చట్టము కలదు; 2023లో అచ్చట పది లక్షల జనమునకు నలుబది యెనిమిది మందికి పైగా దాతలుండిరి. భారతమున ఆ లెక్క ఒకటికి లోపలనే యున్నది. అయితే స్పెయిన్ విజయము చట్టమువలన కలిగినది కాదు. అచ్చటి వైద్యులు కుటుంబమును అడుగకుండ ఏమియు చేయరు. 1989లో జాతీయ సంస్థను స్థాపించి, ఆసుపత్రులలో శిక్షణ పొందిన సమన్వయకర్తలను నియమించిరి. దుఃఖములో నున్నవారి చెంత కూర్చుండి నెమ్మదిగా మాటలాడువారు ఉండుటవలననే ఫలము కలిగెనని ఆ సంస్థను నడిపిన డాక్టరు రఫాయెల్ మాతెసాన్స్ పలుమారులు చెప్పియున్నారు.

మన 1994 నాటి చట్టము మౌనమును ఔనుగా గ్రహింపదు. అది సరియైనదే. సమ్మతి పత్రమును చదువలేనివారు లక్షలాదిగా నున్న దేశమున, వలదని వ్రాయలేదు గనుక ఇచ్చినట్లేయనుట పేదవాని శరీరముపై చేయి వేయుటయగును. 2011 నాటి సవరణ వేరొక మార్గము త్రొక్కినది. మెదడు మరణము నిర్ధారణయైన పిమ్మట, ఆ వ్యక్తి పూర్వము వాగ్దానము చేసెనా యని విచారించుటయు, లేనిచో ఇచ్చుటకును నిరాకరించుటకును గల హక్కును దగ్గరి బంధువులకు తెలుపుటయు వైద్యుని విధిగా చేసినది. ఇక్కడ మామూలు ఏర్పాటు దానము కాదు, అడుగుట. మౌనమునకు ఇతరులు అర్థము చెప్పుటకు బదులు, ఆ మౌనమునే తొలగించుట దీని యుద్దేశము.

సూరతు నగరము ఈ విషయమున పేరుపొందినది. ‘డొనేట్ లైఫ్’ అను స్వచ్ఛంద సంస్థ కుటుంబములతో మాటలాడి ఒప్పించుటవలన అచ్చటినుండి హృదయము మున్నగు అవయవములు ముంబయి, అహమ్మదాబాదులకు సకాలమున చేరిన సందర్భములు అనేకము. తెలుగునాట ‘జీవన్‌దాన్’ కార్యక్రమము 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమై నేడు రెండు రాష్ట్రములలోను సాగుచున్నది.

ఒక మాట. మెదడు మరణము పొందినవానిని మన పత్రికలు ‘జీవన్మృతుడు’ అని వ్రాయుచున్నవి. ఈ పదము మాకు సమ్మతము కాదు. ‘జీవన్’ అను మాట చెవినిబడిన తల్లి, బిడ్డ ఇంకను బ్రతికియున్నాడనియే యనుకొనును. అట్టి బిడ్డనుండి అవయవములు తీయుటకు ఆమె యెట్లొప్పుకొనును? మెదడు కాండము పూర్తిగా నశించినవాడు మరణించినవాడే. యంత్రము ఊపిరి పోయుచుండుటచే కొంతకాలము గుండె కొట్టుకొనుచుండును. నలుగురు వైద్యుల మండలి కనీసము ఆరు గంటల వ్యవధితో రెండు పర్యాయములు పరీక్షించి నిర్ధారణ చేయవలెను. గాఢమైన అపస్మారక స్థితి ఇది కాదు. ఆ స్థితినుండి మేలుకొనువారుందురు, ఇందుండి లేరు.

సచిన్‌లో ఒంటరిగా నుండు కార్మికుని సంగతి ఆలోచింపుడు. రహదారిపై ప్రమాదము జరిగి అతనిని ఆసుపత్రికి చేర్చిరి. గదిలో కలిసియుండు మిత్రులే వెంట నుందురు. పది సంవత్సరములు ఒకే పళ్ళెములో తినినను, చట్టము దృష్టిలో వారు దగ్గరి బంధువులు కారు. భార్య లేక భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తాత, అవ్వ, మనుమలు, మనుమరాండ్రు మాత్రమే దగ్గరి బంధువులు. వారు ఊరినుండి రైలెక్కి వచ్చుటకు ఒక దినమైనను పట్టును. వచ్చిన పిదప, అతడేమి కోరుకొనెడివాడో వారికి తెలియనిచో, భయముచేతను సందేహముచేతను వద్దనియే చెప్పుదురు. అది వారి తప్పు కాదు. వారితో అతడెన్నడును ఆ మాట యనియుండలేదు.

కావున ఇచ్చుటకైనను, ఈయకుండుటకైనను, మీ తలంపును ఇంటివారికి ముందుగా చెప్పుడు. రాత్రి పాళీ ముగిసి ఇంటికి ఫోను చేయునప్పుడు రెండు మాటలు చాలును. ఇచ్చు కోరిక గలవారు ఏడవ నమూనా పత్రముపై ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేయవలెను; అందొకరు దగ్గరి బంధువై యుండవలెను. సెలవునకు ఊరికి పోయినప్పుడు ఈ పని చేసికొనుట మంచిది. ఆధారు సంఖ్యతో జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ వారి జాలస్థలములో గూడ నమోదు చేసికొనవచ్చును. మనసు మారినచో వాగ్దానమును ఎప్పుడైనను రద్దు చేసికొనవచ్చును. కుటుంబము సమ్మతించిన పిమ్మట అవయవములకై శరీరమును కాపాడుటకును, వానిని తీయుటకును అగు వ్యయమును వారిపై వేయరాదు. శరీరమును మర్యాదతో అప్పగింపవలెను. అవయవములకు వెల కట్టుట, కొనుట, అమ్ముట నేరములు. డబ్బిత్తునని వచ్చువానిని నమ్మవలదు. వివరములకు రేయింబవళ్ళు పనిచేయు ఉచిత ఫోను నంబరు 1800-11-4770.